వయొలిన్ కీచుమంటోందా? పట్టు ఎక్కడ బిగిసిందో చూడండి

చెన్నైలో ఆఫీసు అయ్యాక మైలాపూర్‌లోనో, టి.నగర్‌లోనో వయొలిన్ క్లాసుకు వెళ్తున్న మనవాళ్లు చాలామందే ఉన్నారు. స్వరస్థానాలు కొంచెం కుదిరేసరికి అందరికీ రెండు బాధలు మొదలవుతాయి. నాదం వినసొంపుగా రాదు, వాయించి లేచేసరికి భుజాలు పట్టేస్తాయి. ఈ రెండూ చాలావరకు ఒకే సమస్య. పట్టు బిగిసిన చోటు దొరికితే రెండూ కలిసే తగ్గుతాయి.

కమాను వేయగానే గరగర, కీచు

కమాను అంటే వయొలిన్ వాయించే బో. దాని వెంట్రుకలు తీగను పట్టి కాస్త లాగుతాయి, వదులుతాయి, మళ్లీ పట్టుకుంటాయి. 440 హెర్ట్జ్‌కు శృతి చేసిన తీగ మీద ఇది సెకనుకు 440 సార్లు జరుగుతుంది. మీరు నొక్కిపెడితే తీగకు సమయానికి వదిలించుకునే వీలుండదు, గరగరమంటుంది. భయపడి పైపైన రాస్తే వెంట్రుకలకు పట్టు దొరకదు, ఈల లాంటి చప్పుడు వస్తుంది.

కొత్తవాళ్లలో ఎక్కువమంది నొక్కేవాళ్లే. చూపుడు వేలితో అదిమి, కమానును నత్తనడక నడిపిస్తారు. తంబూరా యాప్ పెట్టుకుని, ఎడమ చేతికి పని లేకుండా ఉత్త తీగ మీద షడ్జమం (స) వాయించండి. బరువు పెంచకుండా కమాను వేగం మాత్రం కొంచెం కొంచెం పెంచుతూ పోండి. ఒకచోట గరగర పోయి తీగ విప్పారి మోగుతుంది. ఆ వేగాన్ని చేతికి గుర్తుండేలా చాలాసార్లు వాయించండి. పిడి దగ్గర చేతి బరువే ఎక్కువ, అక్కడ తేలిగ్గా పట్టుకోవాలి. కొస దగ్గర బరువు తగ్గిపోతుంది కాబట్టి అక్కడ మాత్రం చూపుడు వేలు కాస్త సాయం చేయాలి.

పొడవైన కమాను ఎలా ఉంటుందో తెలియాలంటే వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి రికార్డింగులు వినండి. 1893లో బెంగళూరులో పుట్టి, విజయనగరంలో పాఠం చెప్పిన ఆయన నాదంలో తొందర అనేదే వినపడదు.

శబ్దం పలచగా, దూరం నుంచి వస్తున్నట్టుగా ఉంది

కింద కూర్చుని వాయించే మన పద్ధతిలో వయొలిన్ తల కిందికి వాలి ఉంటుంది. అందుకే కమాను తనంతట తానే ఫింగర్‌బోర్డు (వేళ్లతో తీగలు నొక్కే పొడుగు చెక్క) వైపు జారిపోతుంది, నాదం పలచబడుతుంది. తీగలను ఎత్తి నిలబెట్టే బ్రిడ్జికీ ఫింగర్‌బోర్డు చివరకూ మధ్యలో, బ్రిడ్జికి సమాంతరంగా కమాను నడవాలి. ఫోన్‌ను ఎదురుగా పెట్టి వీడియో తీసుకుంటే జారడం ఎక్కడ మొదలవుతోందో మీకే కనిపిస్తుంది.

జారుడు లేకపోతే కమానునే చూడాలి. వెంట్రుకలకు పట్టు కోసం రాసే రోజిన్ బిళ్ల కొత్తదై నున్నగా ఉంటే వెంట్రుకలకు అంటదు, గరుకు కాగితంతో పైపొరను కాస్త గీకాలి. మరీ ఎక్కువైతే తీగల మీద తెల్లపొడి పేరుకుని గరగర తిరిగొస్తుంది. వాయించాక పొడిగుడ్డతో తుడిచేయండి. వెంట్రుకలను వేళ్లతో తాకకండి, చెమట, నూనె అంటితే అక్కడ రోజిన్ పట్టదు. చెన్నై ఉక్కకు వెంట్రుకలు సాగి వదులవుతాయి, ఏసీ గదిలో బిగుసుకుంటాయి. కాబట్టి వాయించే గదిలోనే కమాను మర బిగించి, అయిపోగానే వదులు చేయాలి.

ఎడమ బొటనవేలు నొప్పి, గమకం అంటుకుపోతోంది

అన్నిటికన్నా ఎక్కువ ఓపిక పెట్టాల్సింది ఇక్కడే. వయొలిన్‌ను మోయాల్సింది చెయ్యి కాదు, కుడి పాదమూ ఛాతీ. వయొలిన్ తల చీలమండ దగ్గర కుదురుగా ఆనకపోతే వాయిద్యం జారిపోతుందేమోనని ఎడమ చెయ్యి దాన్ని గట్టిగా పట్టేసుకుంటుంది. పట్టిన చెయ్యి జారదు. జారని చేత్తో గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికించడం, ఎలా కుదురుతుంది?

పరీక్ష చాలా సులువు. వాయించే భంగిమలో కూర్చుని ఎడమ చెయ్యి మెల్లగా తీసేయండి, కింద రెండో చెయ్యి కాపుగా ఉంచండి. వయొలిన్ కదలకుండా నిలిస్తే మీ కూర్చోవడం సరిగా ఉన్నట్టు. జారితే ముందు కాలు సర్దుకోండి, కుడి పాదాన్ని కొంచెం ముందుకు జరిపి తలకు ఒదిగే చోటు వెతకండి. పట్టుచీర, పాలిస్టర్ చొక్కా జారతాయి. భుజం దగ్గర చిన్న నూలు గుడ్డ మడత పెడితే తేడా వెంటనే తెలుస్తుంది. రోజంతా కుర్చీలో ఉండేవాళ్లకు బాసింపట్టు కష్టం, నడుము వంగిపోతుంది. తుంటి కింద మందంగా మడిచిన దుప్పటి వేసుకుంటే మోకాళ్లు కిందికి దిగి వీపు నిలబడుతుంది.

ఆ తర్వాత బొటనవేలు. మాయామాళవగౌళ రాగంలో సరళీ వరుస (మొదటి పాఠాలు) మొదటి కాలంలో, అంటే నెమ్మదిగా, వాయిస్తూ, ప్రతి ఆవర్తనం (తాళం ఒక చుట్టు) చివర ఆ వేలిని ఒకసారి మెడ నుంచి ఎత్తి మళ్లీ ఆనించండి. ఎత్తలేకపోతే బిగిసిందన్నమాట. మిగతా వేళ్లతో కూడా తీగను చెక్కకేసి గుద్దక్కర్లేదు. స్వరం తేటగా పలికేంత నొక్కితే చాలు.

కమాను మధ్యలో వణుకుతోంది

మూడొంతులు ఇది ఊపిరి బిగపట్టడమే, పక్కనెవరైనా ఉంటే టెన్షన్‌కి ఇంకా పెరుగుతుంది. స్వరాలు నోటితో పాడుతూ వాయించండి, పాడుతుంటే ఊపిరీ దవడా బిగుసుకోవు. కుడి భుజం చెవి వైపు లేచిందేమో అద్దంలో చూసుకోండి. చెన్నైలో డిసెంబరు-జనవరి కచేరీల మార్గళి సీజన్‌లో మధ్యాహ్నం కచేరీలకు చాలా సభల్లో టికెట్ ఉండదు. వయొలిన్ వాళ్లు మనకు కుడివైపు కూర్చుంటారు కాబట్టి హాల్లో ఎడమవైపు సీటు చూసుకుని, ఎంత వేగంగా వాయిస్తున్నా వాళ్ల భుజం ఎంత కిందకు ఉంటుందో గమనించండి.

నొప్పి తగ్గట్లేదు

అలసట విశ్రాంతితో పోతుంది. వేళ్లలో తిమ్మిరి, మణికట్టులో పోటు మర్నాటికీ ఉంటే సాధన ఆపి డాక్టర్‌కు చూపించండి, గురువుగారికి కూడా చెప్పండి. అన్నీ సరిచేసినా తీగలు నొక్కడానికి బలం చాలట్లేదంటే బ్రిడ్జి మరీ ఎత్తుగా ఉండొచ్చు. దాన్ని ఇంట్లో గీకకుండా వయొలిన్ రిపేరు చేసేవాళ్లకు ఇవ్వండి.