పెళ్లి బడ్జెట్: అడ్వాన్సులు ఇచ్చే ముందు చూసుకోవాల్సిన జాగ్రత్తలు

మాఘం, వైశాఖం, శ్రావణం వచ్చాయంటే మంచి ముహూర్తానికి హాలు దొరకడమే గగనం. అందుకే చాలామంది ముందు హాలు ఖాయం చేసేసుకుని, దానికి సరిపడా జనాన్ని పిలుస్తారు. లెక్క తప్పేది అక్కడే. మొదట తేల్చుకోవాల్సింది ఎన్ని ప్లేట్లు లేస్తాయన్నది. హాలు సైజు, భోజనం, కుర్చీలు, రిటర్న్ గిఫ్టులు అన్నీ దాన్ని బట్టే.

శుభలేఖల లిస్టులో ప్రతి పేరు పక్కన ఎంతమంది వస్తారో కూడా రాయండి. అదే ముహూర్తానికి ఊళ్లో నాలుగు పెళ్లిళ్లుంటే ఇంట్లోవాళ్లు తలో పెళ్లికీ పంచుకుని వెళ్తారు. ఆదివారం రాత్రి రిసెప్షన్ అయితే పిల్లాపాపలతో సహా దిగుతారు.

క్యాటరింగ్‌వాళ్లకు చెప్పే గ్యారంటీ సంఖ్య ఎప్పుడూ అంచనా కంటే తక్కువే ఉండాలి. ప్లేటు 400 రూపాయల చొప్పున 600కి గ్యారంటీ ఇచ్చి, 500 మందే తింటే 40,000 వృథా. 520 దగ్గర ఆపి, మరో 80 వరకు అదే రేటుకి వడ్డించేలా రాయించుకోండి. వడ్డన మొదలయ్యే ముందు, అయ్యాక మీవాళ్లొకరు, వాళ్ల మనిషొకరు కలిసి ప్లేట్లు లెక్కపెట్టాలి. ఫొటోగ్రాఫర్లు, మేళం, డ్రైవర్లు, డెకరేషన్ కుర్రాళ్లు కలిపి ముప్ఫై నలభై మంది ఉంటారు, వాళ్ల భోజనాలు ఏ లెక్కలోకి వస్తాయో ముందే తేల్చుకోండి. వాటర్ బాటిళ్లు, ఐస్‌క్రీమ్, కిళ్లీ, వడ్డించేవాళ్ల కూలి, వంటసామాన్ల రవాణా ఆ రేటులోనే ఉన్నాయా అని విడివిడిగా అడగండి. “అన్నీ ఉన్నాయండీ” అన్న మాట చాలదు, కాగితం మీద ఉండాలి.

హాలు దగ్గర అద్దె కంటే వేళలు ముఖ్యం. రాత్రి ముహూర్తాలకు ఇది మరీ చూసుకోవాలి. హాలు ఉదయం 6 నుంచి మర్నాడు 6 దాకా ఇచ్చారు, ముహూర్తం రాత్రి 2:40కి అనుకోండి. జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు, అప్పగింతలు అయ్యేసరికి తెల్లారిపోతుంది. గదులు ఖాళీ చేయాలి, ఉన్న చుట్టాలకు కాఫీ టిఫిన్లు పెట్టాలి. వెనకాల ఇంకో పెళ్లివాళ్లుంటే సామాన్లు రోడ్డు మీదికొస్తాయి, లేకపోతే అదనపు గంటలకు వాళ్లడిగినంత ఇచ్చుకోవాలి. ఇలాంటి ముహూర్తానికి సాయంత్రం నుంచి మర్నాడు మధ్యాహ్నం దాకా ఇచ్చే హాలే నయం. జనరేటర్ డీజిల్, ఏసీ, క్లీనింగ్, బయటి డెకరేటర్‌ని తెచ్చుకుంటే కట్టాల్సిన రుసుం, అద్దె మీద 18 శాతం జీఎస్టీ అన్నీ కలిపి చూడండి. హాల్లోకి అడుగుపెట్టగానే కరెంటు మీటరు ఫొటో తీసుకోండి.

ఏ అడ్వాన్సు ఇచ్చినా, ఇంట్లో మైల వచ్చి తేదీ మారితే ఆ డబ్బు కొత్త తేదీకి సర్దుతారని రాయించుకోండి. ఒకే పెళ్లికి ఒకరి దగ్గర్నుంచి 2 లక్షలు, ఆపైన నగదుగా తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం చెబుతోంది. ముక్కలుగా ఇచ్చినా కలిపే లెక్కేస్తారు. అందుకే పెద్ద మొత్తాలు బ్యాంకు ద్వారానే పంపండి.

బంగారం విషయంలో గ్రాము రేటుకి పెద్దగా తేడా ఉండదు, తరుగులోనే ఉంటుంది. 20 గ్రాముల గొలుసుకి ఒకచోట 12 శాతం, ఇంకోచోట 18 శాతం తరుగు అంటే తేడా 1.2 గ్రాములు. రాళ్ల బరువు తీసేశాకే బంగారానికి లెక్క కట్టించండి. నగ మీద అక్షరాలు, అంకెలు కలిపి ఆరుండే హాల్‌మార్క్ గుర్తింపు కోడ్‌ని (హెచ్‌యూఐడీ) బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోండి. నెలల తరబడి కొనేటట్టయితే రేటు పెరగొచ్చు, ఆ పద్దు కింద పది శాతం ఎక్కువే పెట్టుకోవాలి.

పెట్టుబట్టలది వేరే కథ. లిస్టు ఒకసారి ఖాయం చేశాక కొత్త పేరు చేరాలంటే ఇంటి పెద్దలిద్దరూ ఒప్పుకోవాలన్న పట్టు లేకపోతే అది పెరుగుతూనే ఉంటుంది. మగ్గం వర్క్ జాకెట్ల ఖర్చు చీర ధరలో కలిపి రాయండి.

చదివింపులు వస్తాయి కదా అని అప్పు చేయకండి, ఎంత వస్తాయో ఎవరూ చెప్పలేరు. తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే కల్యాణలక్ష్మి 1,00,116 రూపాయలు కూడా పెళ్లయ్యాక అందేవే, ఖర్చుల లెక్కలో చేర్చొద్దు. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. 5 లక్షలకు నెలనెలా 10,000 వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది.

పెళ్లి రోజు చిల్లర ఖర్చుల సంచీ, నోటుబుక్కు ఒక్కరి చేతిలోనే ఉండాలి. ఆ ఒక్కరు పెళ్లికూతురి తండ్రి మాత్రం కాకూడదు, ఆయన పీటల మీద ఉంటారు. సంభావనలు, మేళం, హారతి పళ్లేల కోసం పది, వంద నోట్లు ముందురోజే మార్చి పెట్టుకోండి. ఫొటోగ్రాఫర్‌కి చివరి పాతిక శాతం ఆల్బమ్, ఒరిజినల్ ఫైళ్లు రెండూ చేతికొచ్చాకే ఇవ్వండి.