కుళాయి కాదు, ముందు సిలిండర్ చూడండి: వేసవికి ముందు ఇంటి సోడా పీపా జాగ్రత్తలు

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. విజయనగరంలో ఆ మాట నిజమైందని నాకు చెప్పేది క్యాలెండరు కాదు, సోడా బండ్ల చుట్టూ చేరే జనం. ఆ వారంలోనే తెలిసినవాళ్ల ఫోన్లు మొదలవుతాయి. "ఇంట్లో కుళాయి తిప్పితే చల్లటి సోడా వచ్చే పీపా ఒకటి పెట్టుకుందామనుకుంటున్నాం, ఏది కొనమంటారు?" అని. మూడేళ్లుగా ఆ పీపాతో కుస్తీ పడుతున్నవాణ్ణి కాబట్టి నన్ను అడుగుతారు. అడిగిన ప్రతివారూ ముందు కుళాయి గురించే అడుగుతారు. మెరిసేదా, పొడుగు పిడి ఉన్నదా, రెండు కుళాయిలదా అని. పీపాలోకి కార్బన్ డయాక్సైడ్ గ్యాసు పంపే సిలిండర్ సంగతి ఎవరూ ఎత్తరు. మన ఎండల్లో అసలు సంగతి అదే.

ఈ సామాను ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చెప్పాలి. ఇది ఇంట్లో బీరు కాచుకునేవాళ్ల కోసం అమెరికాలో స్థిరపడిన పద్ధతి. అక్కడ 1978లో జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో, ఇద్దరు పెద్దవాళ్లున్న ఇల్లు ఏడాదికి 200 గ్యాలన్ల వరకు సొంత వాడకానికి ఫెడరల్ పన్ను లేకుండా కాచుకోవచ్చు. టెక్సాస్‌లో ఉన్న మా మేనల్లుడు గ్యారేజీలో అదే చేస్తాడు. ఇక్కడ ఆ ఆశ పెట్టుకోకండి. ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం 1968 నాటిది. దాని ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం. "మా ఇంటి వరకే కదా" అన్న మాట అక్కడ చెల్లదు. కాబట్టి బీరు వాడికి వదిలేసి, అదే పీపాలో సుగంధి సోడా, అల్లం సోడా, నిమ్మసోడా పోసుకుంటున్నాం. సామాను అదే, ఒత్తిడి మాత్రం ఎక్కువ. బీరుకంటే సోడాకు గ్యాసు ఎక్కువ పట్టాలి మరి. లీటరు బీరులో సుమారు 5 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ ఉంటే, నోరు మండేంత ఘాటైన సోడాకు 8 గ్రాముల దాకా కావాలి.

31 డిగ్రీల గీత

సిలిండర్‌లో ఈ గ్యాసు చాలావరకు ద్రవంగా ఉంటుంది. పైన కొంచెం ఆవిరి. 20 డిగ్రీల దగ్గర లోపలి ఒత్తిడి సుమారు 830 పౌండ్లు. కారు టైరులో 30, 35 పౌండ్ల గాలి కొట్టిస్తామని గుర్తుంచుకుంటే ఆ అంకె బరువు తెలుస్తుంది. 31 డిగ్రీలు దాటితే ద్రవం, ఆవిరి అనే తేడా పోతుంది. అక్కడి నుంచి ఒత్తిడి ఎంత పెరుగుతుందన్నది సిలిండర్‌లో ఎంత నింపారన్న దాని మీద ఆధారపడుతుంది. సరిగ్గా నింపినదైతే తట్టుకుంటుంది. "సారూ, కొంచెం ఎక్కువే కొట్టాను" అని నింపినవాడు ఉదారంగా ఇచ్చినదైతే, మే నెలలో ఆ ఉదారతే ప్రాణం మీదకు తెస్తుంది. వాల్వు పక్కన ఒత్తిడి మితిమీరితే పగిలే రక్షణ బిళ్ల ఉంటుంది. అది పగిలితే గ్యాసంతా ఒక్కసారిగా చెవులు చిల్లులు పడే మోతతో పోతుంది. అలా పోవడమే మంచిది, సిలిండర్ పగలడం కంటే.

శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా 31 డిగ్రీలంటే మనకు ఎండాకాలమే కాదు, మామూలు మధ్యాహ్నం. అందుకే సిలిండర్‌ను నింపించిన ప్రతిసారీ తూకం వేయించండి. ఖాళీ బరువు దాని భుజం మీద చెక్కి ఉంటుంది. 2 కిలోల సిలిండర్ అయితే ఆ బరువుకు 2 కిలోలు మాత్రమే కలవాలి. ఎక్కువ తూగితే నింపినచోటే కొంత వదిలించండి. తూకానికి ఇంకో ఉపయోగం కూడా ఉంది. ఎంత మిగిలిందో తెలియాలన్నా తూకమే దారి. గేజ్ ముల్లు ద్రవం చివరి చుక్క దాకా ఒకేచోట నిలబడి, ఆ తరువాత దభీమని పడిపోతుంది. మొదటి వేసవిలో నేను దాన్ని నమ్మి, చుట్టాలు గుమ్మంలో ఉండగా చప్పటి సుగంధి నీళ్లు పోయవలసి వచ్చింది.

కొనేటప్పుడు సిలిండర్ మీద ఆమోద ముద్ర, పరీక్ష తేదీ చూడండి. మన దేశంలో వీటికి 2016 నాటి గ్యాస్ సిలిండర్ల నిబంధనలు వర్తిస్తాయి. నాగ్‌పూర్ కేంద్రంగా పనిచేసే పేలుడు పదార్థాల భద్రతా సంస్థ పెసో ఆమోదం ఉన్నదాన్నే నింపాలి. నీటి ఒత్తిడితో చేసే పరీక్ష అయిదేళ్లకోసారి జరగాలి. మేనల్లుడు మమకారంతో ఒక చిన్న అల్యూమినియం సిలిండర్ సంచిలో పెట్టుకొచ్చాడు. ఖాళీదే, చూడముచ్చటగా ఉంది. మన వాల్వుల మరకు అది పట్టదు, ఆమోదం లేనిది కాబట్టి ఎవరూ నింపకూడదు. విదేశాల నుంచి వచ్చేవాళ్లకు ముందే ఫోను చేసి సిలిండర్ తేవద్దని చెప్పండి. మూతలు, రబ్బరు రింగులు, కుళాయి తెమ్మనండి, అవి పనికొస్తాయి. బీరు చల్లబరిచే చిన్న ఫ్రిజ్ కూడా వద్దు. అక్కడిది 115 వోల్టులకు, 60 హెర్ట్జ్‌కు తయారైనది, మన 230 వోల్టుల గోడకు తగిలిస్తే కాలిపోతుంది.

ఇంకొక మాట. ఆఫీసుల్లో గోడకు వేలాడే అగ్నిమాపక సిలిండర్‌లోనూ ఇదే గ్యాసు ఉంటుందని, అది చవకగా దొరుకుతుందని ఎవరైనా సలహా ఇస్తారు. వినకండి. దానిలో అడుగు దాకా ఒక గొట్టం ఉంటుంది, గ్యాసుకు బదులు ద్రవం బయటకు రావడానికి. ఆ ద్రవం రెగ్యులేటర్‌లోకి దూకితే అది పాడవుతుంది, దగ్గరున్నవాళ్లకు దెబ్బ తగులుతుంది. వంటగ్యాసు రెగ్యులేటర్‌ను ఎలాగోలా బిగించే ఆలోచన కూడా మానుకోండి. కార్బన్ డయాక్సైడ్ కోసమని రాసి ఉన్న రెగ్యులేటర్, లోపలి గ్యాసు కోసం ఒకటి, బయటి ఒత్తిడి కోసం ఒకటి, రెండు గేజ్‌లు ఉన్నది కొనండి. వెల్డింగు దుకాణం గ్యాసు కాకుండా, ఆహారానికి పనికివచ్చే రకమని అడిగి తీసుకోండి.

ఎక్కడ పెట్టాలి

ఈ గ్యాసు గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు. వాసన ఉండదు, నేల మట్టాన చేరుతుంది. ఒక లెక్క చూడండి. 2 కిలోల సిలిండర్ రాత్రంతా కారి ఖాళీ అయితే సుమారు 1,100 లీటర్ల గ్యాసు వస్తుంది. పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గది తలుపులు, కిటికీలు మూసి ఉంటే అది గాలిలో 4 శాతం. ప్రాణానికి తక్షణ ప్రమాదమని అమెరికా వృత్తి భద్రతా సంస్థ నియోష్ పెట్టిన హద్దు సరిగ్గా అదే 4 శాతం. ఏసీ గదిలో, మంచం పక్కన, మెట్ల కింద అరలో, పిల్లలు కింద చాప వేసుకుని పడుకునే హాల్లో సిలిండర్ ఉండకూడదు. వరండా నీడలో, నిలువుగా, గొలుసుతో గోడకు కట్టి పెట్టండి. పడిపోయి వాల్వు విరిగిన సిలిండర్ రాకెట్టులా దూసుకుపోతుంది, అందుకే గొలుసు. మిద్దె మీద, ఎండలో నిలిపిన కారు డిక్కీలో ఒక్క గంట కూడా ఉంచకండి. నింపించి తెచ్చేటప్పుడు కారు అద్దాలు దించి, నేరుగా ఇంటికి రండి. మధ్యలో భోజనానికి ఆగకండి.

ఇంత గోల ఎందుకనుకునేవారికి నా సలహా సూటిగా చెబుతాను. నలుగురున్న ఇంటికి పెద్ద సిలిండర్ అక్కరలేదు. 4, 5 లీటర్ల స్టీలు చిన్న పీపా, 16 గ్రాముల గ్యాసు గుళికలతో నడిచేది కొనుక్కోండి. గుళిక కారినా వచ్చేది 9 లీటర్ల గ్యాసే, గది నిండేది కాదు. ఫ్రిజ్‌లో ఒక అరలో పడుతుంది. 4 లీటర్లకు ఘాటు పట్టించడానికి రెండు గుళికలు ఖర్చవుతాయి, కుళాయి దాకా నెట్టడానికి మూడోది కావచ్చు. ఖర్చు ఎక్కువే. నిద్ర పట్టడానికి ఆ ఖర్చు పెట్టవచ్చు. గుళికలు కొనేటప్పుడు మాత్రం పైన రాసినది చదవండి. కేకుల మీద క్రీముకు వాడే నైట్రస్ ఆక్సైడ్ గుళిక చూడటానికి ఇలాగే ఉంటుంది. గాలి తుపాకుల గుళికల్లో నూనె ఉండవచ్చు, అవీ వద్దు.

19 లీటర్ల పొడుగు పీపా శుభకార్యాలకు, చిన్న దుకాణానికి. ఒకప్పుడు పెప్సీ, కోకా-కోలా సిరప్ మోసిన పీపాలు ఇవి. రెండు కంపెనీలవి రెండు రకాల బిగింపులు, ఒకదాని తొడుగు మరొకదానికి పట్టదు. ఒకే పీపా మీద కూడా గ్యాసు వెళ్లే మూతి, పానీయం వచ్చే మూతి కొంచెం తేడాగా ఉంటాయి. బలంగా నొక్కితే ఎక్కుతుంది, దిగడమే కష్టం. పాత పీపా కొంటే మూత మీద ఒత్తిడి వదిలే చిన్న వాల్వు పనిచేస్తోందో లేదో అక్కడే లాగి చూడండి. అది బిగుసుకుపోయి ఉంటే ఎంత చవకైనా వద్దు. మూత తీసేముందు ప్రతిసారీ ఆ వాల్వు లాగి, బుస్సుమనడం పూర్తిగా ఆగాకే తీయాలి.

గాజు సీసాకు, మంచినీళ్ల ప్లాస్టిక్ డబ్బాకు మూతకు చిల్లి పెట్టి గ్యాసు ఎక్కించే ప్రయోగాలు వీడియోల్లో కనిపిస్తాయి. సోడా కొట్టేటప్పుడు పగిలిన సీసా ముక్క మొహం మీద చేసిన గీతతో తిరిగిన మనిషిని మా వీధిలో చూస్తూ పెరిగాను. గోలీ సోడా సీసా గాజు అంత మందంగా ఉండి కూడా పగిలేది.

లోపల ఏం పోయాలి

ఉద్దానం నుంచి జీడిమామిడి పళ్లు వచ్చే రోజుల్లో ఒక మిత్రుడికి ఆలోచన వచ్చింది, ఆ రసం పీపాలో పోస్తే ఎలా ఉంటుందని. పోయకండి. పండు మీదనే సహజంగా ఈస్టు ఉంటుంది. తాటికల్లు కుండ చూసినవారికి చెప్పనక్కరలేదు, నురగ పొంగుతూనే ఉంటుంది కాబట్టి దానికి ఎవరూ మూత బిగించరు. మీరు బిగించబోతున్నారు. లీటరు రసంలో 100 గ్రాముల చక్కెర ఉండి అంతా పులిస్తే 49 గ్రాముల గ్యాసు పుడుతుంది, ఘాటైన సోడాలో ఉండేదానికి ఆరు రెట్లు. పైగా పులిసినది మద్యమే, చట్టం మాట మొదట్లోనే చెప్పాను. చెరకు రసం, కొబ్బరి నీళ్లు, శ్రీరామనవమి పానకం కూడా ఈ జాబితాలోవే. పానకం పందిరిలో గంగాళంలోనే బాగుంటుంది. నేనైతే పీపాలో కాచి చల్లార్చిన నీళ్లకు మాత్రమే గ్యాసు పట్టిస్తాను. సుగంధి పాకం, అల్లం, నిమ్మరసం గ్లాసులో కలుపుకుంటాం. కడగడం సగం తగ్గుతుంది, పిప్పి గొట్టంలో ఇరుక్కోదు.

రాగి, ఇత్తడి దగ్గర కూడా జాగ్రత్త. గ్యాసు పట్టిన నీరు ఆమ్లం, రాగిని కరిగిస్తుంది. వాంతులు, కడుపునొప్పి వస్తాయి. మా ఇంట్లో బుడితి ఇత్తడి చెంబులు తాతల నాటివి ఉన్నాయి, ముచ్చటపడి వాటిలో సోడా పోయబోతే మా ఆవిడ చేయి పట్టుకుని ఆపింది. కుళాయి లోపలి భాగాలు కూడా పూత వేసిన ఇత్తడి కాకుండా స్టీలువి కావాలి. చవక కుళాయిల్లో మోసం అక్కడే.

చన్నీళ్లకు గ్యాసు త్వరగా పడుతుంది. 4 డిగ్రీల దగ్గర సోడాకు 30 పౌండ్లు సరిపోతే, 25 డిగ్రీల దగ్గర అదే ఘాటుకు రెట్టింపుకు మించి పెట్టాలి. అందుకని ముందు చల్లబరచి, తరువాత గ్యాసు పెట్టండి. ఆ ఒత్తిడిలో గొట్టం పొట్టిగా ఉంటే గ్లాసునిండా నురగే. 5 మిల్లీమీటర్ల లోపలి వెడల్పున్న గొట్టం బీరుకు ఎనిమిది, పది అడుగులు చాలు, సోడాకు ఇరవై దాకా కావాలి. లేదా ధార తగ్గించే మీట ఉన్న కుళాయి కొనాలి. రెండో దారి తేలిక.

గొట్టాలు, కుళాయి రెండు వారాలకోసారి విప్పి కడగాలి. స్టీలు మీద బ్లీచింగ్ నీళ్లు వాడితే సన్నటి చిల్లులు పడతాయి. దానికి నిమ్మ ఉప్పు తగిలితే విషవాయువు వస్తుంది. రబ్బరు రింగులకు వ్యాజిలైన్ రాయకండి, ఆహారానికి పనికివచ్చే సిలికాన్ గ్రీజు దొరుకుతుంది.

వేసవి గడిచాక అక్టోబరు గాలివానలు ఉన్నాయి. 2014లో హుద్‌హుద్, 2018లో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తరువాత కరెంటు ఎన్ని రోజులు లేదో మన జిల్లాల వాళ్లకు గుర్తే. తుపాను కబురు వినగానే సిలిండర్ వాల్వు మూసి, పీపాలోని ఒత్తిడి వదిలేసి, సోడా తాగేయండి.

మొదటిసారి వాడేముందు ఖాళీ పీపాకు మూత బిగించి 30 పౌండ్ల ఒత్తిడి పెట్టండి. ప్రతి బిగింపు మీదా సబ్బు నురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. సిలిండర్ వాల్వు మూసేసి రాత్రికి వదిలేయండి. నీళ్లు పోసి చేస్తే నీరు గ్యాసును పీల్చుకుని ముల్లు దానంతటదే దిగుతుంది, అందుకే ఖాళీది. పొద్దున్న ముల్లు నిన్న ఆగినచోటే ఉంటే నీళ్లు కాచి చల్లార్చుకోవచ్చు. దిగి ఉంటే ముందు మూత కింది పెద్ద రింగు చూడండి, నాకు మూడుసార్లూ దొరికిన దొంగ అదే.