గుండెపోటు తర్వాత మళ్లీ సైకిలెక్కాలంటే

ఆస్పత్రి నుంచి పంపించేటప్పుడు "నెమ్మదిగా మొదలుపెట్టండి" అంటారు. ఎంత నెమ్మదిగా, ఎప్పటి నుంచి, ఏది దాటితే ప్రమాదం అన్నది చెప్పరు. నాకు స్టెంట్ వేసి ఇంటికి పంపించాక నేను ఎక్కువ టెన్షన్ పడింది ఈ విషయంలోనే. అందుకే నాలాగే సైకిల్ వైపు చూస్తూ, ఎక్కాలా వద్దా అని ఆగిపోయినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి, కానీ "సైకిల్ తొక్కొచ్చా?" అని ఒక్క మాట అడిగి వచ్చేయకండి. నా ఈఎఫ్ ఎంత ఉంది, మిగతా రక్తనాళాల్లో ఇంకా బ్లాకులు ఉన్నాయా, ట్రెడ్‌మిల్ పరీక్ష ఎప్పుడు చేస్తారు అని అడగండి. ఈఎఫ్ అంటే గుండె ఒక్కోసారి కొట్టుకున్నప్పుడు తనలోని రక్తంలో ఎంత శాతం బయటికి పంపుతోందన్న లెక్క, ఎకో రిపోర్టులో ఉంటుంది. 55 పైన ఉంటే మామూలు, 40 కన్నా తగ్గితే గుండె బాగా బలహీనపడినట్టు, అప్పుడు సొంతంగా ఏదీ మొదలుపెట్టకూడదు. ట్రెడ్‌మిల్ పరీక్షలో ఈసీజీ మారినా, ఛాతీ పట్టేసినట్టు అనిపించినా అప్పుడు హార్ట్ రేటు ఎంత ఉందో అడిగి రాసిపెట్టుకోండి, తొక్కేటప్పుడు దానికి కనీసం 10 తక్కువలోనే ఉండాలి.

గుండెపోటులో దెబ్బతిన్న కండరం మానుతూ గట్టి మచ్చలా మారడానికి దాదాపు 6 నుంచి 8 వారాలు పడుతుంది. పైకి ఏమీ కనిపించదు కాబట్టి మనకి బాగైపోయినట్టే ఉంటుంది, కానీ కాలు విరిగినప్పుడు కట్టు విప్పేదాకా ఎలా ఆగుతామో ఇక్కడా అలాగే ఆగాలి. అయితే ఆగడమంటే మంచంలో పడుకోవడం కాదు, డాక్టర్ చెప్పిన మేరకు నడక, తర్వాత కదలకుండా నిలబడే వ్యాయామ సైకిల్. బైపాస్ అయినవాళ్లకైతే రొమ్ము ఎముక అతుక్కోవడానికి 8 నుంచి 12 వారాలు కావాలి, హ్యాండిల్ మీద బరువు వేయడం, పొరపాటున పడటం రెండూ ఆ ఎముకకి మంచివి కావు, కాబట్టి డాక్టర్ సరే అనేదాకా రోడ్డు మాటే వద్దు. మణికట్టు నుంచి స్టెంట్ వేసుంటే ఆ చేతి మీద కొన్ని రోజులు భారం వేయకండి.

కార్డియాక్ రీహాబ్‌లో, అంటే గుండె జబ్బు వచ్చినవాళ్ల చేత నిపుణుల కళ్ల ముందు వ్యాయామం చేయించే చోట, చేరే వీలుంటే తప్పకుండా చేరండి. నాకు మొదటి రోజు 25 వాట్లు పెట్టారు, పెడల్ ఉందో లేదో అన్నంత తేలిక. ఛాతీకి ఈసీజీ బిళ్లలు అంటించి, ఎదురుగా స్క్రీన్ మీద గీత పరుగెడుతుంటే నేను ఆ గీతనే చూస్తూ తొక్కుతున్నాను. ఐదో నిమిషంలో ఎడమ భుజం కింద చురుక్కుమంది. కాళ్లు ఆగిపోయాయి, అరచేతుల్లో చెమట. ఫిజియోథెరపిస్ట్ పరుగెత్తుకుంటూ రాలేదు, స్క్రీన్ చూసింది, బీపీ చూసింది, ఆ తర్వాత వేలితో ఆ చోట నొక్కి "ఇదేనా నొప్పి?" అంది. అదే. హ్యాండిల్‌ని బిగించి పట్టుకోవడం వల్ల వచ్చిన కండరం నొప్పి. ఈ నొక్కి చూడటం మీరు ఇంట్లో చేసి తేల్చుకునే పరీక్ష కాదు, దయచేసి అలా చేయకండి. ఏ నొప్పి ఎలాంటిదో గుర్తుపట్టడం పక్కన తెలిసినవాళ్లు ఉండగా నేర్చుకుంటే ఆ తర్వాత ఒంటరిగా రోడ్డెక్కినప్పుడు భయం సగం తగ్గుతుందని చెప్పడానికే ఇది రాశాను.

మొదట్లో 5 నిమిషాలు చాలా తేలిగ్గా, 10 నిమిషాలు కొంచెం ఊపుగా, మళ్లీ 5 నిమిషాలు తేలిగ్గా. ప్రతి వారం కొద్ది నిమిషాలు పెంచండి. ముందు సమయం పెరగాలి, తర్వాత వారంలో రోజులు పెరగాలి, పెడల్ బిగువు అన్నిటికన్నా చివర. ఆయాసం లేకుండా అరగంట తొక్కగలిగాక రోడ్డు గురించి డాక్టర్‌ని అడగండి.

ఇక అసలైన విషయం, వాచీలో కనిపించే హార్ట్ రేటు. గుండె గరిష్ఠంగా ఎంత వేగంగా కొట్టుకోవచ్చో చెప్పడానికి 220 లోంచి వయసు తీసేసే లెక్క మీకు ఇక పనికిరాదు. మెటోప్రొలాల్, బిసోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్లు వేసుకుంటుంటే గుండె వేగం పెరగకుండా అవి పట్టి ఉంచుతాయి. ఒంట్లో శ్రమ ఎక్కువైపోతున్నా వాచీలో 105 దగ్గరే ఆగి ఉంటుంది, మీరేమో ఇంకా చోటుంది కదా అనుకుంటారు. కాబట్టి ఊపిరిని నమ్మండి. మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, అదీ హద్దు. నేను ఎక్కాలు అప్పజెప్పుకుంటూ తొక్కేవాణ్ణి. "ఏడు ఆర్లు నలభై రెండు, ఏడు ఏళ్లు నలభై తొమ్మిది" అని వరసగా రెండు వాక్యాలు ఊపిరి తెగకుండా వస్తే సరే, ఆర్ల దగ్గర ఆగి గాలి పీల్చుకోవాల్సి వస్తే గేరు తగ్గించేసేవాణ్ణి. రీహాబ్‌లో వాడే బోర్గ్ స్కేల్ కూడా ఇలాంటిదే, ఎంత శ్రమగా అనిపిస్తోందో మనమే అంకెలో చెప్పాలి, 6 నుంచి 20 దాకా ఉంటుంది, మామూలుగా 11 నుంచి 13 మధ్య, అంటే "తేలిక"కీ "కాస్త కష్టం"కీ మధ్య ఉండమంటారు.

రోడ్డు మీద మొదటి నెల ఇంటి చుట్టూ చిన్న చిన్న రౌండ్లే కొట్టండి, ఎక్కడ ఆగినా ఇల్లు దగ్గర్లో ఉండాలి. చదును దారి, తేలిక గేరు. గాలి ఉంటే ఎదురుగాలిలో బయల్దేరండి, తిరిగొచ్చేటప్పుడు అదే తోస్తుంది. ఎత్తు వచ్చినప్పుడు సీటు మీంచి లేచి, ఊపిరి బిగబట్టి తొక్కితే బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది, అలాంటి చోట దిగి నడిపించుకుంటూ వెళ్లండి. గుంపుతో అప్పుడే వద్దు, గుంపులో ఉంటే మన వేగం మన చేతిలో ఉండదు. మీ వేగానికి తగ్గి వచ్చే ఒక్క స్నేహితుడు చాలు. తిన్న వెంటనే, జ్వరంగా ఉన్నప్పుడు, మండే ఎండలో, వణికించే చలిలో తొక్కకండి. రెండు మూడు రోజుల్లో బరువు 2 కిలోలు పెరిగినా, పాదాలు వాచినా సైకిల్ పక్కన పెట్టి డాక్టర్‌కి ఫోన్ చేయండి.

తొక్కి తొక్కి టక్కున ఆపకండి. కాళ్లలోకి దిగిన రక్తం అక్కడే నిలిచిపోతుంది, అసలే బీపీ తగ్గించే మాత్రలు వేసుకుంటున్నాం, కళ్లు తిరిగి పడిపోతాం. చివరి 10 నిమిషాలు ఉత్తినే పెడల్ తిప్పుతూ రండి, ఇంటికి రాగానే వేడినీళ్ల స్నానానికి పరుగెత్తకండి.

హెల్మెట్ ఇదివరకు పెట్టుకోకపోయినా ఇప్పుడు పెట్టుకోవాలి. స్టెంట్ వేశాక మామూలుగా ఏడాది దాకా ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ గానీ టికాగ్రెలార్ గానీ ఇస్తారు, వీటివల్ల రక్తం త్వరగా గడ్డకట్టదు. తలకి దెబ్బ తగిలితే బాగానే ఉన్నట్టు అనిపించినా ఆస్పత్రికి వెళ్లాల్సిందే. అలాగని పడతానేమోనన్న భయంతో ఆ మాత్రలు మాత్రం మానకండి, స్టెంట్‌లో గడ్డ కడితే అది ప్రాణం మీదికి వస్తుంది. టికాగ్రెలార్ వల్ల కొందరికి కూర్చున్నా ఆయాసంగా ఉంటుంది, అదీ డాక్టర్‌కి చెప్పాలి.

నాలుక కింద పెట్టుకునే నైట్రోగ్లిజరిన్ మాత్రలు రాసిచ్చి ఉంటే వాటి సీసాతోనే తీసుకెళ్లండి, ఒంటి వేడి తగిలే జేబులో కాకుండా బ్యాగులో పెట్టండి. ఛాతీ బరువెక్కినా, నొప్పి దవడకీ చేతికీ పాకినా, కళ్లు తిరిగినా అక్కడికక్కడే ఆపి కూర్చోండి. మాత్ర కూర్చునే వేసుకోవాలి, బీపీ పడిపోతుంది కాబట్టి. 5 నిమిషాల్లో తగ్గకపోతే అంబులెన్స్‌కి ఫోన్ చేయండి, మాత్ర లేకపోతే అంతసేపు కూడా ఆగొద్దు. ఇల్లు ఇక్కడే కదా అని తొక్కుకుంటూ వెళ్లొద్దు. సిల్డెనాఫిల్ (వయాగ్రా) లాంటివి వాడుతుంటే ముందే డాక్టర్‌కి చెప్పండి, ఈ రెండూ కలిస్తే ప్రమాదం.

కొన్ని నెలలకి ఒంట్లో బలం తెలుస్తుంది, పాత దారులు, పాత ఎత్తులు గుర్తొస్తాయి. అప్పుడు ఇంకోసారి ట్రెడ్‌మిల్ పరీక్ష చేయమని అడగండి, ఆ రిపోర్టు చూసి డాక్టర్ సరే అనేదాకా ఎత్తు దగ్గర దిగి నడుస్తూనే ఉండండి.