తాబేళ్లు ఒడ్డుకొచ్చే కాలానికి ముందే చేసుకోవాల్సిన పనులు

సముద్ర తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం ఒక్కో తీరంలో ఒక్కో నెలలో మొదలవుతుంది. మీ తీరంలో ఎప్పుడో తెలియకపోతే అక్కడ చేపలు పట్టేవాళ్లని అడగండి, వాళ్లకి నోటి మీద ఉంటుంది. దానికి కనీసం మూడు నాలుగు వారాల ముందే ఈ పనులు మొదలుపెట్టాలి, ఎందుకంటే వీటిలో సగం తాబేలు ఇసుక మీదకి ఎక్కాక చేయగలిగేవి కావు. ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను: ఒడ్డు మీద నేను కళ్లారా చూసిన నష్టంలో ఎక్కువ భాగం తాబేళ్లంటే ఇష్టం ఉన్నవాళ్లు చేసిందే. దగ్గర్నుంచి చూద్దామని, ఫొటో తీద్దామని, పాపం సాయం చేద్దామని.

మొట్టమొదట చూసుకోవాల్సింది లైట్లు. గుడ్లలోంచి వచ్చే తాబేలు పిల్లలు ఎక్కువగా రాత్రిపూటే, ఇసుక చల్లబడ్డాక బయటికొస్తాయి. వచ్చీ రాగానే ఎటు వెలుతురుగా ఉంటే అటు నడుస్తాయి. మనుషుల దీపాలు లేని చోట వెలుతురుగా కనిపించేది నీళ్ల వైపే కాబట్టి కోట్ల ఏళ్లుగా ఆ లెక్క తప్పలేదు. ఒకసారి తెల్లవారుజామున ఒక గూడు దగ్గరికి వెళ్లాను. పైన ఇసుక గిన్నెలా కుంగి ఉంది, అంటే రాత్రే పిల్లలు బయటికొచ్చేశాయి. కానీ సముద్రం వైపు ఒక్క జాడ లేదు. దువ్వెనతో గీసినట్టు సన్నటి గీతలన్నీ వెనక్కి, ఒక భవనం పక్కనున్న స్తంభం వైపు వెళ్లాయి, దాని చుట్టూ గుండ్రంగా మళ్లీ మళ్లీ తిరిగాయి. ఆ స్తంభం లైటు అప్పటికీ వెలుగుతూనే ఉంది. దాని పక్కన సిమెంటు గట్టు మూలలో అగ్గిపెట్టెంత పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి, కొన్ని ఎండిపోయాయి, ఒకదాని ముందుకాలు మాత్రం ఇంకా ఇసుకను తోస్తూనే ఉంది.

అందుకే ఒడ్డుకి కనిపించే ప్రతి లైటు లెక్క పెట్టుకోండి. చీకటి పడ్డాక బీచ్ మీదకి వెళ్లి, నీళ్ల దగ్గర కింద కూర్చుని వెనక్కి తిరిగి చూడండి, తాబేలుకి ఏం కనిపిస్తుందో అప్పుడు తెలుస్తుంది. అక్కర్లేనివి ఆ నెలల్లో పూర్తిగా ఆపేయాలి. తప్పదు అనుకున్నవాటికి వెలుతురు నేల మీదకే పడేలా మూత పెట్టించి, తెల్ల బల్బులు తీసేసి ముదురు పసుపు లేదా ఎరుపు రంగువి పెట్టాలి, తెలుపు, నీలం కాంతులే వాటిని ఎక్కువ దారి తప్పిస్తాయి. కిటికీలకి మందం కర్టెన్లు కావాలి. టార్చి, ఫోన్ లైటు, ఫ్లాష్ కూడా ఇదే లెక్కలోకి వస్తాయి.

పిల్లలు నీళ్ల వైపు నడుస్తుంటే చేతుల్లోకి తీసుకుని సముద్రంలో వదలకండి. చాలామంది ఇది పుణ్యం అనుకుంటారు, నాకు అర్థమవుతుంది, అంత చిన్న ప్రాణం ఇసుకలో పడుతూ లేస్తూ పోతుంటే చూస్తూ ఊరుకోవడం కష్టం. కానీ ఆ నడక వాటికి అవసరం. వాటిని నడవనివ్వండి, దారిలో మన కాళ్లు, కుక్కలు, కుర్చీలు అడ్డు లేకుండా చూస్తే చాలు. రోడ్డెక్కేసినవి, కాలవలో పడినవి కనిపిస్తే మాత్రం తడి ఇసుక వేసిన బకెట్‌లో పెట్టి, చీకట్లో ఉంచి, వన్యప్రాణి శాఖ వాళ్లకి ఫోన్ చేయండి. బకెట్‌లో నీళ్లు పోయకండి, అందులోనే ఈది ఈది అలిసిపోతాయి, తర్వాత సముద్రంలో ఈదడానికి ఓపిక ఉండదు.

తల్లి తాబేలు విషయంలో తొందరే మన శత్రువు. అది నీళ్లలోంచి బయటికొచ్చి చోటు వెతుక్కునేటప్పుడు, గొయ్యి తవ్వేటప్పుడు చిన్న అలికిడికి కూడా బెదిరి గుడ్లు పెట్టకుండా వెనక్కి వెళ్లిపోతుంది. కనిపించగానే ఉన్నచోటే ఆగిపోండి, దానికి ఎదురుగా వెళ్లకండి, మాట్లాడకండి. వెనక కాళ్లతో ఒకదాని తర్వాత ఒకటి, అరచేత్తో తీసినట్టు ఇసుక తీసి పక్కన పెడుతూ కుండలాంటి గొయ్యి చేస్తుంది, అక్కడ ఏముందో అది ఒక్కసారి కూడా తిరిగి చూడదు. ఆ పనికి చాలాసేపు పడుతుంది, గుడ్లు దాదాపు వంద ఉంటాయి. కళ్ల వెంట నీళ్లు కారడం చూసి ఏడుస్తోందనుకుంటారు, నిజానికి ఒంట్లో ఎక్కువైన ఉప్పుని అది ఎప్పుడూ అలాగే బయటికి పంపుతుంది. దాని మీద తమ చిన్నపిల్లల్ని కూర్చోబెట్టి ఫొటోలు తీసేవాళ్లు ఉంటారు, దయచేసి అక్కడే ఆపండి, మొహమాట పడకండి.

గూడు తవ్వి గుడ్లు చూడకూడదు, చోటు మార్చకూడదు. పెట్టిన కొన్ని గంటలకే లోపలి పిండం పెంకుకి పైవైపున అతుక్కుంటుంది, ఆ తర్వాత గుడ్డు తిరగబడితే పిండం చచ్చిపోతుంది. అలలకి కొట్టుకుపోయే చోట పెట్టినా సరే, మార్చాల్సింది శిక్షణ ఉన్నవాళ్లే, అదీ మొదటి కొన్ని గంటల్లోనే. ఒడ్డున పెరిగే తీగలు, మొక్కలు పీకకండి. పుట్టేది ఆడో మగో ఇసుక వేడిని బట్టి ఉంటుంది. దాదాపు 29 డిగ్రీల దగ్గర రెండూ సగం సగం, అంతకన్నా వేడెక్కితే ఆడవే ఎక్కువ. ఆస్ట్రేలియాలో గ్రేట్ బ్యారియర్ రీఫ్ ఉత్తర భాగంలో పుట్టిన గ్రీన్ తాబేళ్లని పరీక్షిస్తే వయసుకి రానివాటిలో 99 శాతానికి పైగా ఆడవేనని 2018లో బయటపడింది. నీడ ఇచ్చే ఒక్కో మొక్కకి ఎంత విలువుందో దీన్ని బట్టి చూడండి.

ఇక వలలు. ఈ భాగం పడవలున్నవాళ్ల కోసం. నా ఉద్దేశంలో అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే, ఎందుకంటే గుడ్లు ఎన్ని కాపాడినా పెద్దవి వలల్లో చస్తుంటే లెక్క నిలబడదు. లాగర్‌హెడ్ తాబేళ్ల మీద 1987లో వచ్చిన అధ్యయనం సరిగ్గా ఈ మాటే చెప్పింది. తాబేలు గుడ్లు పెట్టే వయసుకి రావడానికి జాతిని బట్టి 10-15 ఏళ్ల నుంచి 30 ఏళ్ల పైన పడుతుంది, అలాంటిది ఒక్కటి పోతే ఎన్ని గూళ్లు పోయినట్టో. మెక్సికోలోని రాంచో న్యూవోలో 1947లో తీసిన ఒక ఫిల్మ్‌లో ఒకే రోజు దాదాపు 40,000 కెంప్స్ రిడ్లీ ఆడ తాబేళ్లు ఒడ్డుకొచ్చాయని అంచనా, 1985 నాటికి ఏడాది మొత్తం కలిపి 702 గూళ్లే మిగిలాయి. గుడ్లు ఏరుకోవడం, రొయ్యల వలలు, రెండూ కలిసి చేసిన పని అది.

తాబేలు గాలి పీల్చాలి, వలలో పెనుగులాడితే ఊపిరి ఇంకా త్వరగా అయిపోతుంది. పడవ వెనక లాగే ట్రాల్ వలకి టెడ్, అంటే తాబేలు తప్పించుకునే పరికరం, బిగించుకోండి: వల గొంతులో ఇనుప కమ్మీల చట్రం ఉంటుంది, రొయ్యలు కమ్మీల సందులోంచి లోపలికి పోతాయి, తాబేలు చట్రానికి తగిలి జారి పక్కనున్న ద్వారంలోంచి బయటపడుతుంది. ఉంటే సరిపోదు, కమ్మీలు వంగాయేమో, ద్వారం ఎవరైనా కుట్టేశారేమో సీజన్‌కి ముందే విప్పి చూసుకోవాలి. వలని గంటల తరబడి లాగకుండా త్వరత్వరగా పైకి తీయండి.

కదలకుండా ఉన్న తాబేలు వలలో వస్తే చచ్చిపోయిందని తిరిగి నీళ్లలో పడేయకండి. చాలాసార్లు అది స్పృహ తప్పి ఉంటుంది, అలా పడేస్తే నిజంగానే మునిగి చస్తుంది. బోర్లా పడుకోబెట్టండి, వెల్లకిలా కాదు. వెనకభాగం కనీసం జానెడు ఎత్తులో ఉండేలా కింద ఏదైనా పెట్టాలి, ఊపిరితిత్తుల్లోని నీళ్లు బయటికొస్తాయి. నీడలో ఉంచి, తడిగుడ్డ కప్పి చూస్తూ ఉండండి, తేరుకోవడానికి 24 గంటలు కూడా పట్టొచ్చు. ఓపిక పట్టండి, నిజంగా లేచిన తాబేళ్లున్నాయి. తేరుకున్నాక ఇంజన్ న్యూట్రల్‌లో పెట్టి, వలలు లేని వైపు మెల్లగా దించండి. గాలానికి తగిలితే దారం పట్టి లాగకండి, ముందుకాళ్లు పట్టి ఎత్తకండి, పెద్ద జల్లెడ వలతో పైకి తెచ్చి, ముల్లు తీయలేకపోతే దారాన్ని దానికి వీలైనంత దగ్గరగా కత్తిరించండి. తీరం దగ్గర పడవ వేగం తగ్గించండి, ప్రొపెల్లర్ తగిలితే డిప్ప కోసుకుపోతుంది.

సాయంత్రాలు బీచ్‌లో తవ్విన గోతులు పూడ్చండి, కుర్చీలు తీసేయండి, బండ్లు ఇసుక మీదకి తేకండి, పెంపుడు కుక్కల్ని కట్టేయండి. తేలే ప్లాస్టిక్ కవర్లని జెల్లీ చేపలనుకుని మింగుతాయి కాబట్టి కనిపించినవి తీసేయండి.

ఇదంతా చేస్తే ఏమొస్తుంది అని అడిగేవాళ్లకి ఒక్క మాట. గ్రీన్ తాబేలు ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చాలాకాలం ఉంది, 2025 అక్టోబరులో ఆ జాబితా తయారుచేసే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దాన్ని అంతరించే భయం అతి తక్కువ ఉన్న వర్గంలోకి మార్చింది. ఆ మార్పు వెనక దశాబ్దాల పాటు గూళ్లని కాపాడినవాళ్లు, వలలు మార్చుకున్నవాళ్లు ఉన్నారు. హాక్స్‌బిల్, కెంప్స్ రిడ్లీ తాబేళ్లు మాత్రం ఇంకా అత్యంత ప్రమాదపు వర్గంలోనే ఉన్నాయి.

గూడు కనిపిస్తే చోటు గుర్తు పెట్టుకుని, వన్యప్రాణి శాఖకి చెప్పి, తేదీ కాగితం మీద రాసుకోండి. దాదాపు 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు వస్తాయి, 60 దాటినా తవ్వి చూడకండి. నలభయ్యో రోజు నుంచి చీకటి పడగానే ఆ వైపు లైట్లు మరోసారి చూసుకోండి.