నీటిరంగుల్లో నీటి లెక్క

నీటిరంగుల చిత్రలేఖనం కొన్నాళ్లు సాధన చేసినవారు ఒకానొక దశలో ముందుకు సాగలేక, లోపం తమ రంగుల పెట్టెలో ఉందనుకుని కొత్త ట్యూబులు కొంటూ పోతారు. చాలావరకు లోపం రంగులో కాక నీటిలో ఉంటుంది. కుంచె ఎంత నీరు పట్టింది, కాగితం ఎంత తడిగా ఉంది అనే రెండు లెక్కలు చేతికి అలవడాలి.

ఖర్చు చేయదలిస్తే ముందుగా కాగితానికి చేయండి. పలుచని డ్రాయింగ్ కాగితం తడవగానే ఉబ్బి గుంటలు పడుతుంది, రంగు వాటిలో చేరి నిలుస్తుంది. అప్పుడు తప్పు చేతిదో కాగితానిదో తేల్చుకోలేం. చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండి, పూర్తిగా పత్తితో తయారైన కోల్డ్ ప్రెస్డ్ (ఉపరితలం కాస్త గరుకుగా ఉండే) కాగితం ఉత్తమం. ధర ఎక్కువే కనుక 56×76 సెంటీమీటర్ల షీటును ఎనిమిది ముక్కలు చేసుకుని, రెండు వైపులా వాడుకోవచ్చు. కుంచెల విషయంలో మొన సన్నగా నిలిచే 10వ నంబరు గుండ్రటి కుంచె ఒకటి, వెడల్పాటిది ఒకటి చాలు.

ఇక అసలు సాధన. కాగితాన్ని నీటితో తడిపి, పక్కనుంచి వెలుతురు పడేలా పెట్టుకుని గమనించండి. నీరు అద్దంలా మెరుస్తున్నప్పుడు పెట్టిన రంగు అదుపు లేకుండా పారుతుంది. ఆ మెరుపు తగ్గి పట్టుబట్ట నిగనిగలా మారినప్పుడు రంగు కొద్ది దూరమే పాకి మెత్తని అంచుతో ఆగుతుంది. మేఘాలకూ దూరపు చెట్లకూ అదే తగిన సమయం. మెరుపు పోయినా వేలి వెనుక భాగానికి కాగితం చల్లగా తగులుతోందంటే చేయి వెనక్కి తీసుకోవాలి. ఆ దశలో నీళ్ల కుంచె తాకిస్తే, కొత్త నీరు ఆరుతున్న రంగును బయటికి నెట్టి కాలీఫ్లవర్ పువ్వులాంటి మరకను మిగులుస్తుంది. తడిమీద రంగు వేసేటప్పుడు కుంచెలోని రంగు కాగితం మీదున్న దానికంటే చిక్కగా ఉండాలన్న నియమం పాటిస్తే ఈ మరకలు చాలావరకు తప్పుతాయి. మే నెల ఎండల్లో ఈ దశలన్నీ నిమిషాల్లో గడిచిపోతాయి కనుక, కాగితాన్ని రెండు వైపులా తడిపి గాజుపలక మీద పరిస్తే కొంత వ్యవధి దొరుకుతుంది. ముసురు పట్టిన రోజుల్లో మాత్రం ఓపికే సాధనం.

చిక్కదనం తెలియడానికి ఒకే రంగుతో, ఉదాహరణకు బర్న్ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమ రంగుతో, మజ్జిగ తేట, మజ్జిగ, పాలు, పెరుగు, వెన్న అన్నట్లు ఐదు పాళ్లలో పట్టీలు వేయండి. ఆరాక ప్రతి పట్టీ వేసినప్పటికంటే వెలిసినట్లు కనిపిస్తుంది; అందుకే తడిగా ఉన్నప్పుడు కాస్త ముదురుగా తోచేంత రంగు వేయాలి. తరువాత అదే రంగుతో ఇంట్లోని ఒక చెంబునో, ఎండపడిన సున్నపు గోడనో చిత్రించండి. గోడ తెల్లదనం కాగితానిదే కనుక, ఎక్కడ రంగు వేయకూడదో కుంచె పట్టకముందే నిర్ణయించుకోవాలి.

రంగులు కలిపేటప్పుడు బురదగా మారుతున్నాయంటే ట్యూబు మీది పిగ్మెంటు (రంగునిచ్చే పొడి) సంకేతాలు చూడండి. పీబీ 29 అని ఒక్కటే ఉంటే అది అల్ట్రామెరీన్ అనే నీలి పిగ్మెంటు మాత్రమే. ఒకే ట్యూబులో మూడు నాలుగు సంకేతాలుంటే, వాటిని మరొక మిశ్రమంతో కలిపినప్పుడు కాంతి చచ్చిపోతుంది. అల్ట్రామెరీన్, బర్న్ట్ సియెన్నా రెండూ కలిపితే లేత బూడిద నుంచి దాదాపు నలుపు దాకా వస్తుంది. నా మటుకు నల్లరంగు ట్యూబు అవసరమే కనిపించదు.

అచ్చువేసిన చిత్రాల్లో ఒకదానిపై ఒకటి వేసిన రంగు పొరల పారదర్శకత సరిగా తెలియదు కనుక, అసలు చిత్రాలను దగ్గరనుంచి చూడటం మంచిది. రాజమహేంద్రవరం వెళ్లినప్పుడు చిత్రకారుడు దామెర్ల రామారావు (1897–1925) పేరిట ఉన్న చిత్రశాలలో కాసేపు గడిపి, ఏ పొర ముందు వేసి ఉంటారో, ఎక్కడ కాగితాన్ని వదిలి ఉంటారో ఊహించే ప్రయత్నం చేయండి. ఇంటికి వచ్చాక ఆ ఊహను ఒక చిన్న ముక్క మీద పరీక్షించి, వెనుక తేదీ వేసి దాచుకోండి.