చిన్న వ్యాపారానికి సైబర్ భద్రత – పాఠం 4: స్కాన్ రిపోర్టు చదవడం, మళ్లీ స్కాన్ చేయడం

పోయిన పాఠంలో ఆఫీసు నెట్‌వర్క్‌కు తగిలించి ఉన్న ప్రతి వస్తువునూ కాగితం మీద రాసుకున్నాం. కంప్యూటర్లు, వైఫై రౌటర్, ప్రింటర్, కెమెరాల రికార్డర్, బిల్లింగ్ సర్వర్, ఏదీ వదల్లేదు. తర్వాత, వాటిలో భద్రతా లోపాలను వెతికి పెట్టే ఓపెన్‌వాస్ అనే స్కానర్ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసి మొదటి స్కాన్ మొదలుపెట్టి ఆగాం. ఇప్పుడు మీ ముందు రిపోర్టు ఉంది. వందకు పైగా వరుసలు ఉండొచ్చు, కొన్ని ఎర్రగా కనిపిస్తాయి. చూడగానే టెన్షన్ రావడం మామూలే.

నేను మొదటిసారి ఒక చిన్న ఆఫీసుకు స్కాన్ చేసినప్పుడు మొత్తం రిపోర్టును ఉన్నదున్నట్టు యజమానికి మెయిల్ చేసేశాను. మూడు నెలల తర్వాత మళ్లీ చూస్తే ఒక్క లోపం కూడా సరికాలేదు. తప్పు ఆయనది కాదు. ఏది ముందు చేయాలో, ఎవరు చేయాలో నేను చెప్పలేదు. అందుకే ఈ పాఠం మొత్తం ఆ రెండు విషయాల మీదే.

ముందు ఒక సరిచూపు. రిపోర్టులో కనిపించిన యంత్రాల సంఖ్యను మీ కాగితంలోని లిస్టుతో పోల్చండి. లిస్టులో 14 ఉండి రిపోర్టులో 11 ఉంటే, ఆ మూడూ బాగున్నాయని కాదు, స్కానర్ వాటి దాకా వెళ్లలేదని అర్థం. ఆఫ్ చేసి ఉండొచ్చు, ఫైర్‌వాల్ అడ్డుపడి ఉండొచ్చు. ఇది చిన్న విషయం కాదు. 2017 మార్చిలో అపాచీ స్ట్రట్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో పెద్ద లోపం బయటపడ్డాక ఈక్విఫాక్స్ అనే అమెరికా క్రెడిట్ సమాచార సంస్థ తన సిస్టమ్స్‌ను స్కాన్ చేసింది. లోపం ఉన్న సర్వర్ ఆ స్కాన్‌లో పట్టుబడలేదు. అదే దారిన దొంగలు దూరారు. దాదాపు 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి. రిపోర్టులో ఏమీ రాలేదంటే లోపం లేదని కాదు, మనం చూసిన చోట కనబడలేదని మాత్రమే.

రెండో సరిచూపు లాగిన్. కంప్యూటర్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇవ్వకుండా చేసిన స్కాన్ వీధిలోంచి ఇంటిని చూడటం లాంటిది. తలుపు తెరిచి ఉందో లేదో తెలుస్తుంది కానీ, లోపలి బీరువాకు తాళం ఉందో లేదో తెలియదు. స్కానర్ కోసమే ప్రత్యేకంగా ఒక అకౌంట్ తెరిచి ఇవ్వండి. అది లాగిన్ కాగలిగిందో లేదో రిపోర్టులోనే ఉంటుంది, వెతికి చూడండి.

ఇక ఒక్క వరుసను దగ్గరగా చదువుదాం. ఫైల్ సర్వర్ కింద ఇలా వచ్చిందనుకోండి: పోర్ట్ 445, సీవీఈ-2017-0144, గుర్తింపు నాణ్యత 95 శాతం.

పోర్ట్ 445 అంటే విండోస్‌లో ఫైళ్లు షేర్ చేసుకునే ద్వారం. సీవీఈ అనేది లోపానికి ఇచ్చే నంబరు. 1999 నుంచి ప్రపంచమంతా ఈ పద్ధతినే వాడుతోంది. ఆ నంబరు వెతికితే లోపం పుట్టుపూర్వోత్తరాలు దొరుకుతాయి. ఈ నంబరుకైతే పెద్ద కథే ఉంది. మైక్రోసాఫ్ట్ దీనికి ప్యాచ్‌ను, అంటే లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను, 2017 మార్చి 14న ఇచ్చింది. వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) ఇదే కన్నంలోంచి మే 12న విరుచుకుపడింది. మధ్యలో 59 రోజులున్నాయి. ఆ రెండు నెలల్లో ఒక్కసారి స్కాన్ చేసి, వచ్చిన ఆ ఒక్క వరుసను పట్టించుకుని అప్‌డేట్ వేసినవాళ్ల కంప్యూటర్లలోకి ఈ కన్నం గుండా అది దూరలేకపోయింది. నెలనెలా స్కాన్ చేయమని నేను ఇంత పట్టుబట్టడానికి కారణం ఆ 59 రోజులే.

చివరి అంకె, గుర్తింపు నాణ్యత, చాలామంది చూడకుండా దాటేస్తారు. ఆ లోపం నిజంగా ఉందని స్కానర్‌కు ఎంత నమ్మకమో అది చెబుతుంది. 95 శాతం అంటే స్కానర్ తట్టి చూసి మరీ చెబుతోంది. 80 శాతం ఉంటే, చాలాసార్లు సాఫ్ట్‌వేర్ చెప్పిన వెర్షన్ నంబరు చూసి ఊహించిందన్నమాట. లినక్స్ సర్వర్లలో ఇక్కడే పొరపాటు జరుగుతుంది. డెబియన్, రెడ్ హ్యాట్ లాంటి లినక్స్ రకాలు వెర్షన్ నంబరు పాతదే ఉంచి, లోపల లోపాన్ని మాత్రం సరిచేస్తాయి. స్కానర్‌కు పాత నంబరే కనిపించి ఎర్రజెండా ఊపుతుంది. అలాంటప్పుడు ఆ సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ చేంజ్‌లాగ్‌లో (ఏమేం మార్చారో రాసే చిట్టాలో) సీవీఈ నంబరు వెతకండి. ఉంటే, వరుస పక్కన 'ఇప్పటికే సరిచేసి ఉంది, ఫలానా తేదీన చూశాను' అని రాసి పెట్టండి. రాయకుండా కొట్టేయకండి, వచ్చే నెల అదే సందేహం మళ్లీ వస్తుంది.

ఏది ముందు? తీవ్రత స్కోరు 0 నుంచి 10 దాకా ఉంటుంది. 9.0, ఆపైన ఉంటే క్రిటికల్. కొత్తవాళ్లు స్కోరు చూసి పైనుంచి కిందికి వెళ్తారు. నేను అలా చేయవద్దంటాను. 2014లో ఇంటర్నెట్‌ను వణికించిన హార్ట్‌బ్లీడ్ అనే లోపానికి అప్పటి లెక్కలో వచ్చిన స్కోరు 5.0 మాత్రమే, అంటే మధ్యరకం. కానీ అది సర్వర్ మెమరీలోంచి ఒక్కో దఫా 64 కిలోబైట్ల దాకా లాగి ఇచ్చేది, అందులో పాస్‌వర్డ్‌లూ ఉండొచ్చు.

స్కోరు కంటే ముందు చూడాల్సింది, ఆ యంత్రం ఇంటర్నెట్ నుంచి నేరుగా అందుతుందా అని. అందితే దాన్నే మొదట సరిచేయాలి. తర్వాత, దొంగలు ఆ లోపాన్ని ఇప్పటికే వాడుతున్నారా అని. దీనికి అమెరికా సైబర్ భద్రతా సంస్థ సిసా 2021 నవంబరు నుంచి ఒక జాబితా నడుపుతోంది, ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. మీ రిపోర్టులోని సీవీఈ నంబరు అందులో ఉంటే స్కోరు ఎంతైనా సరే ఈ వారమే సరిచేయండి. ఆ యంత్రంలో ఏముందన్నది మూడోది. ఖాతాల లెక్కలున్న సర్వర్, ఖాళీగా పడి ఉన్న పాత ల్యాప్‌టాప్ ఒకటి కావు.

ఇలా వడపోశాక మీ చేతిలో ఐదారు వరుసలు మిగులుతాయి. ఒక్కోదానికి ఒక మనిషి పేరు, ఒక గడువు తేదీ రాయండి. 'మనం చూసుకుందాం' అని రాస్తే ఎవరూ చూడరు. కొన్నింటికి అప్‌డేట్ రాదు, తయారీదారు ఎప్పుడో వదిలేసి ఉంటాడు. అలాంటి ప్రింటర్, కెమెరా ఉంటే వేరే నెట్‌వర్క్‌లోకి మార్చి, ఇంటర్నెట్ దారి మూసేయండి.

సరిచేశాక అదే యంత్రాన్ని మళ్లీ స్కాన్ చేయాలి. ఇది తప్పనిసరి. అప్‌డేట్ వేసి రీస్టార్ట్ చేయని కంప్యూటర్లు నేను ఎన్నో చూశాను. స్క్రీన్ మీద 'ఇన్‌స్టాల్ అయింది' అని ఉంటుంది, లోపల పాత ప్రోగ్రామే నడుస్తూ ఉంటుంది. వరుస రిపోర్టులోంచి మాయమైతేనే పని అయినట్టు.

ఎంత తరచుగా చేయాలి? 2024 ఒక్క ఏడాదిలోనే దాదాపు 40 వేల సీవీఈలు వెలువడ్డాయి, అంటే రోజుకు వందకు పైనే. నిన్నటి శుభ్రమైన రిపోర్టు ఇవాళ్టికి పాతదే. కార్డు చెల్లింపుల ప్రమాణం పీసీఐ డీఎస్ఎస్ మూడు నెలలకు కనీసం ఒక స్కాన్ అడుగుతుంది. నా లెక్కలో అది చాలదు. ఆఫీసు లోపల నెలకోసారి, ఇంటర్నెట్‌కు కనిపించే వాటిని వారానికోసారి చేయండి. కొత్త యంత్రం తగిలించిన రోజే దానికి విడిగా ఒకటి చేయండి. ప్రతిసారీ ముందు స్కానర్ ఫీడ్ (అది వెతికే లోపాల జాబితా) అప్‌డేట్ చేయడం మరవకండి, లేకపోతే కొత్త లోపాలు దానికి తెలియవు. పని వేళల తర్వాత పెట్టుకోండి. కొన్ని ప్రింటర్లు స్కానర్ తాకిడికి పిచ్చి అక్షరాలతో పేజీలకు పేజీలు ముద్రిస్తాయి. అలాంటివుంటే, ముద్రించాల్సినవి అందుకునే వాటి పోర్ట్ 9100ను స్కాన్ నుంచి తప్పించండి. మీది కాని నెట్‌వర్క్‌ను మాత్రం రాతపూర్వక అనుమతి లేకుండా ఎప్పుడూ స్కాన్ చేయవద్దు.

అభ్యాసం: మీ రిపోర్టులోంచి మూడు వరుసలు ఎంచుకోండి. ఒకటి తప్పుడు హెచ్చరిక అని మీకు అనుమానం ఉన్నది, ఒకటి ఇంటర్నెట్‌కు కనిపించేది, ఒకటి అప్‌డేట్ లేనిది. మూడింటికీ పైన చెప్పినట్టు పేరు, గడువు, తీసుకున్న నిర్ణయం రాయండి. సరిచేసినవాటిని మళ్లీ స్కాన్ చేసి, ఓపెన్‌వాస్‌లో డెల్టా రిపోర్టుతో పాతదాన్నీ కొత్తదాన్నీ పోల్చండి. ఆ డెల్టా రిపోర్టు దగ్గర పెట్టుకోండి, పాఠం 5 దానితోనే మొదలవుతుంది.