డెంగీ జ్వరంలో మూత్రపిండాలను కనిపెట్టుకోవడం ఎలా
వానలు పడ్డాక తిరుపతిలో డెంగీ సోకిన ఇంట అందరి చూపూ ప్లేట్‌లెట్ల సంఖ్య మీదే గాని, మూత్రం ఎంత వస్తోందని అడిగేవారు తక్కువ. జ్వరం తగ్గుముఖం పట్టే 3 నుంచి 7వ రోజుల మధ్య రక్తనాళాల్లోని ద్రవం బయటికి ఊరి, రక్తపోటు పడిపోయి, మూత్రపిండాలకు రక్తం చాలకపోవచ్చు కనుక, ఆ రోజుల్లో గీతలున్న ప్లాస్టిక్ మగ్గులో మూత్రం పట్టి, ఎంత వచ్చిందో వేళతో సహా క్యాలెండరు మీద రాసిపెట్టాలి. 60 కిలోల మనిషికి 6 గంటల్లో 180 మిల్లీలీటర్లకు తగ్గినా, రంగు టీ డికాక్షన్‌లా మారినా, స్విమ్స్ వంటి నెఫ్రాలజీ (మూత్రపిండాల వైద్యం) విభాగమున్న ఆసుపత్రికి వెంటనే తీసుకువెళ్లి, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించాలి. నొప్పులకు పారాసిటమాల్ తప్ప ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వాడకూడదు. ఒళ్లునొప్పుల మాత్ర అంటే మందుల షాపులో తరచూ చేతిలో పెట్టేవి ఇవే. ఓఆర్‌ఎస్, గంజి, మజ్జిగ కొద్దికొద్దిగా తాగించాలి. ముందే కిడ్నీ జబ్బున్నవారికి ఎంతో వైద్యుడే చెప్పాలి.